ద్రెనోవిత్సా వరుసలో రెండు ఖాళీలు

కోపెన్‌హాగెన్,
నవంబర్ 12

దోబ్రినా పిన్నీ,

నేను ఎలిత్సాని. నెవెనా కూతుర్ని. ఇలా పరిచయం చేసుకోవాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది. కానీ మూడేళ్ళయింది కదా, చేతిరాత గుర్తుపడతావో లేదో అని. ఇక్కడ బళ్ళో అంతా ఇంగ్లీషే. మన భాషలో రాసి చాన్నాళ్ళయింది, తప్పులుంటే నవ్వకు.

ముందే ఒక మాట. నేను రాసినట్టు అమ్మకి తెలియకూడదు. ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టకు. నా ఫోన్ అమ్మ ఫోన్‌తో కలిపి ఉంది, అన్నీ తనకి కనిపిస్తాయి. కవరు మీద మా స్కూల్ అడ్రస్ రాయి. ఆఫీసులో ఆవిడతో చెప్పి పెట్టుకున్నా, నా చేతికే ఇస్తుంది.

నాకు స్కూల్లో ఒక ప్రాజెక్టు ఉంది. చెత్త గురించి. నువ్వు డంప్ యార్డు దగ్గర లారీ కాటా చూస్తావు కదా, మన ద్రెనోవిత్సా మొత్తం మీద 2019లో ఎన్ని టన్నుల చెత్త వచ్చిందో, 2020లో ఎన్ని టన్నులు వచ్చిందో కావాలి. మిగతా ఏళ్ళవి అక్కర్లేదు. ఆ రెండే. త్వరగా కావాలి పిన్నీ.

మేం బాగానే ఉన్నాం. అక్టోబర్లో అమ్మ తడి ఆకుల మీద సైకిల్ జారి పడింది, కుడి మణికట్టు విరిగింది. కట్టు ఇంకా ఉంది. కోపం కూడా ఉంది. మా బిల్డింగ్ కింద పది రకాల చెత్త డబ్బాలు. నిన్న ఖాళీ పెరుగు కప్పు ఎందులో వెయ్యాలో తెలీక చేత్తో పట్టుకుని నిలబడితే, కింద ఇంటి ముసలాయన కిటికీ తీసి మరీ చూశాడు. నేను కప్పు పట్టుకుని మళ్ళీ పైకొచ్చేశా. అది నా బల్ల సొరుగులో ఉంది.

ఎలిత్సా

మర్చిపోకు. 2019, 2020.


ద్రెనోవిత్సా,
నవంబర్ 27

ఏమే ఎలిత్సా,

గుర్తుపట్టానులే. చేతిరాత అచ్చం మీ అమ్మదే. పక్కకి వాలిపోయి, వెనకాల ఎవరో తరుముతున్నట్టు.

మూడేళ్ళకి మీ ఇంటి నుంచి ఒక ఉత్తరం వస్తే అందులో అడిగిందేమిటి? చెత్త! ఎలా ఉన్నావు పిన్నీ అని ఒక్క ముక్క లేదు. బతికే ఉన్నా. మిరపకాయలు కాల్చి ముప్ఫై సీసాల పచ్చడి పెట్టా. పిల్లి లావెక్కింది, నేను చిక్కా. నీ ఉత్తరం చెత్త లారీ నడిపే త్సోలోకి చదివి వినిపించా. "కోపెన్‌హాగెన్ బళ్ళో మన చెత్త మీద పాఠమా! అయితే నా బొమ్మ కూడా వెయ్యమను, ముక్కు కొంచెం చిన్నగా వెయ్యమను" అన్నాడు.

పది డబ్బాలా? మాకు ఒకటే. అందులో చలికాలమంతా పొయ్యి బూడిదే. కూరగాయ తొక్కలు కోళ్ళకి, కాగితం పొయ్యిలోకి, సీసా ఎవరైనా పారేస్తే ఊరంతా వారం రోజులు చెప్పుకుంటారు. ఇంక డబ్బాలోకి వచ్చేదేముంది? బూడిద, ప్లాస్టిక్కు, ఏడుపు.

నువ్వడిగిన రెండేళ్ళ పుస్తకం తడిసిపోయింది. అంకెలు లేవు. మీ టీచరుకి అదే చెప్పు.

ఇంకోటి. నువ్వు అబద్ధమాడితే నీ మాటలు పొట్టిగా అయిపోతాయి. నాలుగేళ్ళప్పుడు నా జామ్ సీసా పగలగొట్టి, ఎవరు చేశారే అంటే "పిల్లి" అన్నావు. అంతే, ఒక్క ముక్క. ఇప్పుడు "ఆ రెండే" అని రాశావు చూడు, నాకు ఆ "పిల్లి" వినిపించింది.

ఏం చేశావు?

పిన్ని


కోపెన్‌హాగెన్,
డిసెంబర్ 9

పిన్నీ,

స్కూల్ ప్రాజెక్టు ఏం లేదు.

చెప్తా. కానీ ఇది చదివాక పొయ్యిలో వేసెయ్యి. త్సోలోకి చదవకు.

అమ్మ పనేంటో నీకు తెలుసు కదా. యూరప్‌లో ముప్ఫై ఒక్క దేశాలు, ఏ దేశంలో ఎంతమంది ఉన్నారు, ఎంత సంపాదిస్తున్నారు, ఎంత పారేస్తున్నారు, ఇవన్నీ కంప్యూటర్‌కి ఇస్తే 2035లో ఎంత చెత్త వస్తుందో, అందులో ఎంత మళ్ళీ వాడతారో, ఎంత కాలుస్తారో, ఎంత పూడుస్తారో అది ముందే చెప్పాలి. దాన్నే మోడల్ అంటారు. మోడల్ సరిగ్గా పనిచేస్తోందా అని చూడ్డానికి పన్నెండు చిన్న ఊళ్ళు తీసుకున్నారు. మన ఊరు పెట్టింది అమ్మే. "నాకు తెలిసిన ఊరు, అక్కడ మోసం జరగదు" అందట ఆఫీసులో.

చెయ్యి విరిగాక టైప్ చెయ్యలేక ఆ ఊళ్ళ కాగితాలు నాకిచ్చింది. నేను సాయంత్రాలు వంటింటి బల్ల మీద కూర్చుని కొట్టాను. ఒక్కో ఊరిదీ ఒక వరుస, ఏడాదికో గడి. ద్రెనోవిత్సా వరుసలో 2019, 2020 గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీలుంటే నాకు చెప్పు అని అమ్మ అంది. చెప్పేదాన్నే. కానీ ఆ రోజు అప్పటికే మూడు డౌట్లు అడిగా. మూడోదానికి "నీకు కళ్ళున్నాయా? చదవడం వచ్చా?" అని అరిచింది. నాలుగోది అడగడానికి నాకు నోరు రాలేదు పిన్నీ.

ముందు ఏడాది 1,284 టన్నులు. తర్వాత 2021లో 1,310. మధ్యలో 1,293, 1,302 అని నేనే వేసేశా. చక్కగా సరిపోయింది. అంచనా వేస్తే పక్కన అంచనా అని గుర్తు పెట్టాలి. అదీ పెట్టలేదు. పెడితే అమ్మ అడుగుతుంది కదా.

నవంబర్ మొదట్లో అమ్మ బాస్ బిర్గితె మన ఊరి వరుస చూసి ఆగిపోయిందట. అన్ని ఊళ్ళలో సంపాదన పెరిగితే చెత్త పెరుగుతుంది, గీత పైకే పోతుంది. మన ఊళ్ళో సంపాదన పెరిగింది, చెత్త పెరగలేదు. గీత బల్లలాగా సమంగా ఉంది. మనిషికి ఏడాదికి మూడొందల కిలోలే, ఇక్కడ దానికి రెండింతలు దాటుతుంది. "నెవెనా, ఇన్నేళ్ళూ మనం వెతుకుతున్నది ఇదే!" అందట. నాలుగో అధ్యాయం మొత్తం ద్రెనోవిత్సా మీదే. ఏప్రిల్లో వాళ్ళ ఆఫీసు నుంచి పదిమంది వచ్చి మన ఊరు చూస్తారట. రిపోర్టు మార్చి 20న ప్రింటుకెళ్తుంది.

అమ్మ ఉద్యోగం జూన్ దాకానే. మళ్ళీ పొడిగిస్తారా లేదా అన్నది ఈ రిపోర్టు మీదే ఉంది. అది తప్పని తెలిస్తే పోయేది అమ్మ. చేసింది నేను. నాకు పొద్దున్నే కడుపులో నొప్పి వస్తోంది, స్కూల్ నర్సు అన్నం సరిగ్గా తినమంటోంది.

పుస్తకం తడిసినా ఎక్కడో ఒకచోట ఉంటాయి కదా నిజం అంకెలు? పంపించు. నేను లాప్‌టాప్ తీసి గప్‌చుప్‌గా మార్చేస్తా. ఎవరికీ తెలీదు.

ఎలిత్సా


ద్రెనోవిత్సా,
డిసెంబర్ 28

ఎలిత్సా,

ఉత్తరం పొయ్యిలో వేశా. వేసే ముందు నాలుగుసార్లు చదివా. ఎవర్ని తిట్టాలో తెలీక పొయ్యిని తిట్టా.

నిజం అంకెలు లేవే పిల్లా. పుస్తకం తడవనూ లేదు. 2019 జనవరిలో కాటా పలక కిందకి నీళ్ళు దిగి గడ్డకట్టి లోపల బద్దలైంది. ఆ రోజు నుంచి కాటా చచ్చిన గుర్రం. లారీ ఎక్కితే ఒకరోజు తొమ్మిది టన్నులు చూపిస్తుంది, ఒకరోజు సున్నా. మున్సిపాలిటీలో గెత్సోవ్ అని ఉప మేయరు ఉన్నాడు, వాడి దగ్గరికి ఐదుసార్లు వెళ్ళా.

"కాటా పనిచెయ్యట్లేదు."

"దరఖాస్తు పెట్టు."

"పెట్టా. నాలుగు పెట్టా."

"అయితే ఐదోది పెట్టు, ఫైలు బరువెక్కాలి కదా!"

"ఆ ఫైలునైనా తూచడానికి కాటా కావాలి" అన్నా. నవ్వలేదు.

అందుకని రెండేళ్ళు గడి ఖాళీ ఉంచా. తూచలేదు కాబట్టి రాయలేదు. 2021 వేసవిలో మీరొచ్చారు చూడు, అప్పుడు మీ అమ్మ డంప్ యార్డుకొచ్చింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి కదా, పుస్తకం తిరగేసింది. త్సోలో ఉన్నాడు, బుల్‌డోజర్ వాళ్ళున్నారు, అందరి ముందూ, "దోబ్రినా, ఏమిటివి? ఖాళీలు పెట్టడానికి నిన్నిక్కడ కూర్చోబెట్టారా? నీలాంటి వాళ్ళ వల్లే మన దేశం వరుస అంతా చిల్లులు" అంది. నేనేమన్నానో ఇక్కడ రాయను. నీకింకా పదిహేనేళ్ళే.

ఆ రోజు నుంచి నింపుతున్నా. లారీ వస్తుంది, టైరు ఎంత నొక్కుకుందో చూస్తా, స్ప్రింగు ఎలా మూలిగిందో వింటా, నాలుగు టన్నుల రెండొందలు అని రాస్తా. వారానికి ఆరు ట్రిప్పులు. అనుమానం రాకుండా ఏడాదికి ఐదారు టన్నులు అటూ ఇటూ వేస్తా. నా కన్ను కాటా కన్నా నయం, అది వేరే సంగతి. మీ బిర్గితెకి నచ్చిన బల్లలాంటి గీత ఉందే, అది నా కన్ను గీసిన గీత.

కానీ ఆ పాత రెండు గడులు మాత్రం నింపలేదు. సెప్టెంబర్లో మీ అమ్మ ఆఫీసు నుంచి నింపమని కాగితం వచ్చినప్పుడూ నింపలేదు. అది నా పంతం. కాటా పోయాక ఆ వరుసలో నేను రాసిన నిజం ఆ రెండు ఖాళీలే.

వాటినే నువ్వు నింపావు.

పిన్ని

పచ్చడి సీసా పంపుతున్నా. తిని సీసా పారేస్తే కాళ్ళిరగ్గొడతా.


కోపెన్‌హాగెన్,
జనవరి 19

పిన్నీ,

నేను అంకె అడిగితే నువ్వు గొయ్యి పంపావు. ఇంతకుముందు నా తప్పు రెండు గడులు. ఇప్పుడు 2021 నుంచి వరుసంతా తప్పేనని నాకు తెలుసు, అమ్మకి తెలీదు. ఇది ఇంకా ఘోరం కదా. ఎందుకు చెప్పావు నాకు?

ఇంకా ఘోరమైంది విను. మొన్న భోజనాల దగ్గర అమ్మ నవ్వుతోంది. ఏంటమ్మా అన్నా.

"మీ పిన్ని ఆ రెండేళ్ళూ నింపి పంపింది చూశావా? నేనా రోజు అంత మాట అన్నా, పంతం వదిలి ఎక్కడెక్కడి చీటీలో వెతికి నింపినట్టుంది. దోబ్రినా సారీ చెప్పడం అంటే అదే. దాని నోటితో ఎప్పుడూ చెప్పదు" అంది.

నేను రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశా. నేను వేసిన అంకెల్ని అమ్మ నీ ఉత్తరంలా చదువుకుంటోంది. కట్టు తీసేసిన చెయ్యి బల్ల మీద పెట్టి వేళ్ళు మడిచి తెరుస్తూ, "నేనే ముందు ఫోన్ చెయ్యాలి. చేస్తా" అంది.

నీకు ఇంకోటి చెప్పలేదు. ద్రెనోవిత్సా అసలు కాగితం అమ్మ ఫైల్లో లేదు. నవంబర్లోనే తీసేశా. ఖాళీ గడులు కనిపిస్తాయని. నా జాగ్రఫీ పుస్తకం అట్టలో ఉంది. క్లాసులో ఆ పుస్తకం బయటికి తీసినప్పుడల్లా అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. అమ్మ కాగితం కోసం రెండుసార్లు వెతికింది. "ఎక్కడ పెట్టానో, నా బుర్ర పాడైపోతోంది" అని తన నెత్తిన తనే కొట్టుకుంది. నేను కూడా వెతికినట్టు నటించా. సోఫా కిందకి దూరి మరీ వెతికా.

ఫోన్ వస్తే ఎత్తకు పిన్నీ. లేకపోతే, అవును, నేనే నింపా అని చెప్పు. ఒక్క మాట. ప్లీజ్. నేనింకెప్పుడూ ఏదీ అడగను.

ఎలిత్సా


ద్రెనోవిత్సా,
ఫిబ్రవరి 16

ఎలిత్సా,

ఫోన్ చేసింది. ఎత్తా. మూడేళ్ళ తర్వాత సొంత అక్క ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండడానికి నేను గెత్సోవ్‌ని కాదు.

"దోబ్రీ" అంది. చిన్నప్పుడు పిలిచినట్టు.

"ఏంటే" అన్నా.

"కోళ్ళు ఎలా ఉన్నాయి?"

"గుడ్లు పెడుతున్నాయి. నువ్వు?"

"నేను పెట్టట్లేదు" అంది. నవ్వుకున్నాం. అప్పుడు అంది, "ఆ రెండేళ్ళూ నింపావు కదా. థాంక్స్. నేనా రోజు అలా మాట్లాడాల్సింది కాదు."

నేను ఊఁ అన్నా.

అంతే. ఊఁ. నీకోసం అన్నా. మా అక్క జన్మలో మొదటిసారి నాకు సారీ చెప్పింది, అది కూడా నేను చెయ్యని పనికి. నేను తీసుకోనూ లేను, తిరిగి ఇవ్వనూ లేను. నీకు అర్థమవుతోందా ఏం చేశావో? కోపంగా ఉందే నాకు. నీ మీద, మీ అమ్మ మీద, ఆ దిక్కుమాలిన కాటా మీద.

ఇంకో ఊఁ నా దగ్గర లేదు. అలాగని నేను మీ అమ్మకి చెప్పను. నేను చెప్తే చాడీ అవుతుంది. నువ్వే చెప్పాలి, ప్రింటుకి వెళ్ళకముందే. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు నా పిడికెడు నేను మోస్తా, నీది నువ్వు మొయ్యి.

ఇక్కడ తమాషా చూడు. పదిమంది వస్తున్నారని గెత్సోవ్ కాటాకి రంగు వేయిస్తున్నాడు. ఆకుపచ్చ. బాగు చేయించడు, రంగు వేయిస్తాడు. "అంకె పలుకుతుందా?" అని అడిగితే "ఫొటోలో అంకె పడదు" అన్నాడు. వాళ్ళ గుమస్తా జనాభా చిట్టా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. మా ఇంటికొచ్చింది.

"ఈ చిరునామాలో ఏడుగురా?"

"పిల్లితో ఎనిమిది."

"అందరూ ఉంటున్నారా?"

"చిట్టాలో ఉంటున్నారు" అన్నా. అదే రాసుకుని పోయింది. స్పెయిన్‌లో ఉన్న మీ మావయ్య, వాడి పెళ్ళాం, కూతురు, జర్మనీకి పోయిన నా మాజీ మొగుడు, మీ అమ్మ, నువ్వు, నేను. ఊళ్ళో ఎవరూ పేరు తీయించరు. అంకె తగ్గితే బడి మూసేస్తారని భయం, డాక్టరు రావడం మానేస్తాడని భయం. పొయ్యిలో బూడిద మాత్రం ఒక్కరిదే వస్తుంది.

మార్చి ఒకటికి మన ఆనవాయితీ ప్రకారం ఎరుపూ తెలుపూ దారాలు పేని పంపుతున్నా, కొంగ కనబడేదాకా చేతికి ఉండాలి. ఒకటి నీ చేతికి. రెండోది ఎవరికో నీకు తెలుసు.

పిన్ని


కోపెన్‌హాగెన్,
మార్చి 5

పిన్నీ,

చెప్పేశా. చెప్పిన పద్ధతి వింటే తిడతావు, విను.

నీ ఉత్తరంలో ఆ ఏడుగురి సంగతి చదివినప్పటి నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. అమ్మ మోడల్లో ద్రెనోవిత్సా జనాభా 4,300. ఉన్న చెత్తని ఆ 4,300తో భాగిస్తేనే మనిషికి మూడొందల కిలోలు. ఆ 4,300లో నేనున్నా. నేను చెత్త వేసేది ఇక్కడ, పది డబ్బాల్లో. అమ్మ కూడా. అక్కడే ఉంటున్నామని అమ్మే చిట్టాలో సంతకం పెట్టింది, పాస్‌పోర్టు కోసం.

ఒకటో తారీకు పొద్దున అమ్మ రొట్టె కోస్తోంది. దారం తన చేతికి కట్టా. "దోబ్రినా పంపిందా? నీకెందుకు పంపింది?" అంది. నా తప్పు చెప్పడానికి ధైర్యం రాలేదు. అందుకని ముందు తన తప్పు చెప్పా. తిట్టకు.

"అమ్మా, మనం ఎక్కడుంటాం?"

"ఏం ప్రశ్న అది? ఇక్కడ."

"ద్రెనోవిత్సాలో ఉండం కదా?"

"ఎలిత్సా, నీకు జ్వరమా?"

"మరి నీ నాలుగువేల మూడొందల్లో మనం ఎందుకున్నాం?"

కత్తి ఆగిపోయింది. అమ్మ చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ తీసి మన బడికి చేసింది, రొట్టెల దుకాణం స్తాంకా ఆంటీకి చేసింది, డాక్టర్‌కి చేసింది. ఊళ్ళో నిజంగా ఎంతమంది ఉంటారు అని. ముగ్గురూ రెండువేల ఐదొందలు దాటరన్నారు. అమ్మ కాగితం మీద భాగహారం చేసింది. ఇంకా సరిగ్గా వంగని కుడి చేత్తో, వంకరటింకరగా.

"ఐదొందల ఇరవై కిలోలు" అంది. "అందరిలాగే." నవ్వింది. మంచి నవ్వు కాదు.

అప్పుడు జాగ్రఫీ పుస్తకం తెచ్చి, అట్ట విప్పి, కాగితం బల్ల మీద పెట్టా. ఖాళీ గడుల మీద వేలు పెట్టి, "ఇవి నేను నింపా, పిన్ని కాదు" అన్నా. కాటా సంగతి కూడా చెప్పేశా. నువ్వు మోస్తానన్నావు కదా.

అమ్మ ఆ కాగితం తన ముందుకి లాక్కుంది.

"ఎందుకు చెప్పలేదు?"

"అరుస్తావని."

"ఇప్పుడు అరవట్లేదుగా."

"ఇది ఇంకా భయంగా ఉంది" అన్నా.

అప్పుడు అరిచింది. గట్టిగా, మన భాషలో, కింద ముసలాయన కిటికీ తీసేంత. "నాలుగు నెలలు! నా బుర్ర పాడైపోయిందని డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకున్నానే! సోఫా కిందకి దూరావు కదే నాతో పాటు!" నిజం చెప్పనా, అరుస్తుంటే నా కడుపు నొప్పి తగ్గింది. తర్వాత వంటింట్లోంచి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది. సాయంత్రం దాకా రాలేదు. నేను రొట్టె మొత్తం కోసి పెట్టా, ఎవరమూ తినలేదు.

ఈ నాలుగు రోజులూ నాతో పని మాటలే మాట్లాడుతోంది. బిర్గితెకి చెప్పింది. ఏమైందో నాకు చెప్పలేదు. నీకేమైనా రాసిందా? రాస్తే నాకు చెప్పు.

ఎలిత్సా


కోపెన్‌హాగెన్,
మార్చి 12

దోబ్రినా,

ఉత్తరమే రాస్తున్నా. ఫోన్‌లో అయితే నువ్వు ఊఁ అంటావు, నేను నమ్మేస్తా.

నాలుగో అధ్యాయం తీసేశాను. బిర్గితె నన్ను గదిలో కూర్చోబెట్టి గంటసేపు బతిమాలింది. "అంచనా అని గుర్తు పెడితే సరిపోతుంది కదా నెవెనా, అందరూ పెట్టేదే" అంది. కాటా చెడ్డాక ఆ వరుసలో అంచనా కానిది ఊరి పేరొక్కటే అని చెప్పాను. ఏప్రిల్ ప్రయాణం రద్దయింది. జూన్ తర్వాత నాకు ఉద్యోగం ఉందో లేదో ఎవరూ చెప్పట్లేదు. ఇదివరకు కాఫీకి పిలిచేవాళ్ళు పిలవట్లేదు. ఎలిత్సా తన వల్లే అనుకుంటోంది. కాదని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. పిల్లకి నేనంటే అంత భయమని నాకు తెలీదు. నాలుగో డౌటు అడగలేకపోయానంది. అప్పటి నుంచి ఆ నాలుగో డౌటే నా చెవిలో ఉంది.

అసలు నాకు తెలియాల్సింది. ముప్ఫై ఒక్క దేశాల జనాభాని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, నా పేరు నీ ఇంట్లో ఉందని గుర్తు రాలేదు.

ఆ వేసవిలో నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. ఖాళీలు పెట్టడానికి నిన్ను కూర్చోబెట్టారా అన్నాను. కాగితం ఇప్పుడు నా ముందుంది. ఆ రెండు గడుల్లో నువ్వు పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టావు, పొరపాటున వదిలేసిందనుకోకూడదని. రిపోర్టులో అలాగే ఉంచాను. ఆ తర్వాతి ఏళ్ళు కూడా గీతలే. ఈసారి థాంక్స్ నువ్వు చేసిన పనికి చెప్తున్నాను, ఊఁ అనక్కర్లేదు.

ఒక సాయం కావాలి. ధాన్యం గోదాము దగ్గర కాటా పనిచేస్తుంది కదా. రెండు వారాలు త్సోలో లారీని అటు తిప్పించి తూయించు. గెత్సోవ్‌కి చెప్పకు, దానికీ రంగు వేస్తాడు. మే నెలలో మేమిద్దరం వస్తాం. ఇల్లిల్లూ తిరిగి, ఎవరుంటున్నారో, డబ్బాలో ఏముందో చూద్దాం. జీతం లేదు, రిపోర్టు లేదు. నాకు తెలుసుకోవాలనుంది, అంతే.

మా రెండు పేర్లూ తీయించెయ్యి.

నెవెనా


ద్రెనోవిత్సా,
ఏప్రిల్ 3

ఎలిత్సా,

ఈ ఉత్తరం ఇంటికే పంపుతున్నా, స్కూలుకి కాదు. ఎవరు ముందు విప్పితే వాళ్ళు చదువుకోండి.

గెత్సోవ్ నా క్యాబిన్ దగ్గరికొచ్చి గంట అరిచాడు. "రంగు వేయించానే! బ్యానరు కొట్టించానే! ఆ రెండు గడులు నింపితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. "తూచలేదు" అన్నా. "తూచకుండా బతకట్లేదా జనం?" అన్నాడు. ఆరో దరఖాస్తు చేతిలో పెట్టా. తీసుకోలేదు, నేను దాన్ని కాటా మీద పెడితే కాటా పదకొండు టన్నులంది. త్సోలో పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. వచ్చే నెల నన్ను మారుస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. మార్చనీ.

మీ పేర్లు తీయించడానికి వెళ్ళా. గుమస్తా పెన్ను పట్టుకుని, "ఎక్కడికెళ్ళారు?" అంది. "ఎప్పుడో వెళ్ళారు, ఇప్పుడు చెప్తున్నా" అన్నా. "నువ్వొక్కదానివి మొదలుపెట్టావంటే అందరూ తీయించేస్తారు, బడి పోతుంది" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ కూతురు ఆ బళ్ళోనే టీచరు. సంతకం పెట్టి వచ్చేశా, ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇది మీ అమ్మ మోడల్లో ఏ గడిలో రాయాలో అడుగు.

డంప్ యార్డు మీద కొంగలు దిగాయి. నా చేతి దారం తీసి చెట్టుకి కట్టేశా. మీకు అక్కడ కొంగ కనబడకపోతే మేలో వచ్చినప్పుడు ఇక్కడే తీద్దురుగాని.

సోమవారం నుంచి లారీ గోదాము కాటా ఎక్కుతోంది. మొదటి రోజు లారీ వచ్చింది. నేను టైరు చూశా, స్ప్రింగు విన్నా, త్సోలోతో పందెం కూడా కాశా. నాలుగు టన్నుల రెండొందలు అన్నా. ఎక్కించాం. అంకె చూసి దింపి మళ్ళీ ఎక్కించమన్నా. మూడోసారి గోదాము వాడు "అక్కా, కాటా బాగానే ఉంది, నువ్వే బాలేవు" అన్నాడు.

మూడు టన్నుల నూట నలభై.

నాలుగేళ్ళు. లారీకి టన్ను చొప్పున ఎక్కువ రాశా. నా కన్ను కాటా కన్నా నయం అని ఊరంతా చెప్పుకుని తిరిగా.

మీ అమ్మకి చెప్పకు.

కాదు. చెప్పు.

పిన్ని